డేగపిల్లను ఆనవాలు పట్టాలంటే: 8×42 బైనాక్యులర్ మీద ఏడాది వాడకం తర్వాత నా అభిప్రాయం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటికి దగ్గరలో ఉన్న మా జీడితోటలో ఏటా వేసవిలో జాలెడేగలు (షిక్రా అనే చిన్న వేటపక్షులు) గూడు కడతాయి. దాదాపు మూడు వారాలు పొదిగాక పుట్టిన పిల్లలు, రెక్కలు వచ్చి గూడు వదిలి కొమ్మల మీదికి చేరిన రోజుల్లో, అది ఏ పక్షో చెప్పమంటే తోటల్లోనే పుట్టి పెరిగినవారు కూడా తడబడతారు. నేనూ చాలా ఏళ్లు తడబడ్డాను. ఆ సందేహాలు తీర్చుకోవడానికే నిరుడు ఏప్రిల్‌లో 11,500 రూపాయలు పెట్టి ఒక 8×42 బైనాక్యులర్ (ఎనిమిది రెట్లు పెద్దది చేసి చూపేది, ముందు అద్దం వ్యాసం 42 మిల్లీమీటర్లు) కొన్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే ధరలో, ఇవే కొలతలతో అనేక పేర్ల మీద ఇవి దొరుకుతున్నాయి, వాటిలో దేన్ని ఎంచుకున్నా పరీక్షించి చూసుకోవలసిన విషయాలు ఒకటే.

ముందుగా చిక్కు ఎక్కడ ఉందో చెప్పాలి. ఎదిగిన మగ జాలెడేగను గుర్తుపట్టడం కష్టం కాదు: వీపు బూడిద రంగు, రొమ్ము మీద ఇటుక రంగులో సన్నని అడ్డగీతలు, కన్ను ఎరుపు. పిల్లలో ఈ గుర్తుల్లో ఒక్కటీ ఉండదు. దాని వీపు గోధుమ రంగులో, కన్ను పసుపు రంగులో ఉంటాయి, తెల్లని రొమ్ము మీద అడ్డగీతలకు బదులు నిలువుగా జారిన నీటిబొట్ల వంటి గోధుమ మచ్చలు ఉంటాయి. గొంతు మధ్యలో మాత్రం పైనుంచి కిందికి సన్నని చార ఒకటి ఉంటుంది. చలికాలంలో ఉత్తరం నుంచి వలస వచ్చే యూరేసియన్ స్పారోహాక్ అనే డేగకు ఈ చార ఉండదు, పైగా దాని పిల్లకు కూడా రొమ్ము మీద అడ్డగీతలే ఉంటాయి. అడవుల్లో తిరిగే బెస్రా అనే మరో చిన్న డేగకు చార ఉంటుంది కానీ అది బాగా మందంగా ఉంటుంది. అందువల్ల 30 సెంటీమీటర్లకు మించని ఒక పక్షి గొంతు మీద, పెన్సిల్‌తో గీసినట్టుండే గీత ఉందా లేదా, ఉంటే ఎంత మందంగా ఉంది అన్న ఒక్క విషయం దగ్గరకే చివరికి వ్యవహారమంతా వచ్చి ఆగుతుంది. ఈ పనికి వాడే దుర్భిణిని ఆ గీతను చూపిస్తుందా లేదా అన్నదాన్ని బట్టే విలువ కట్టాలని నా ఉద్దేశం.

ఇంతకు ముందు నా దగ్గర జేబులో పట్టే 10×25 ఉండేది. పది రెట్లు పెద్దది చేసి చూపేది ఎనిమిది రెట్ల దానికంటే మెరుగని నేను నమ్మాను, అది పొరపాటు. ముందు అద్దం వ్యాసాన్ని రెట్ల సంఖ్యతో భాగిస్తే కంటికి చేరే కాంతిపుంజం వెడల్పు వస్తుంది. పాతదానిలో అది రెండున్నర మిల్లీమీటర్లు, కొత్తదానిలో 5.25 మిల్లీమీటర్లు. మిట్టమధ్యాహ్నం ఎండలో మన కంటిపాప ముడుచుకుని ఉంటుంది కనుక ఈ తేడా పెద్దగా తెలియదు. కానీ డేగపిల్లలు ఆకలితో అరుస్తూ కొమ్మలు మారేది తెల్లవారుజామున, సాయంత్రం పొద్దువాలాక, అదీ జీడిచెట్ల దట్టమైన నీడలో. అప్పుడు కంటిపాప విచ్చుకుంటుంది, పాత బైనాక్యులర్ దానికి చాలినంత వెలుగు అందించలేకపోయేది. అందులో నాకు పక్షి కనిపించేది, చార కనిపించేది కాదు. పైగా పది రెట్లలో చేతి వణుకు కూడా పది రెట్లు పెరుగుతుంది.

జూన్‌లో ఒక ఉదయం తోటలో డేగ కూత వినిపించి కొత్త బైనాక్యులర్ ఎత్తితే, కరెంటు తీగ మీద కూర్చుని ఆ కూత కూస్తున్నది పసుల పోలిగాడు, అదే చీలిన తోక ఉన్న నల్లపిట్ట. జాలెడేగ గొంతును అది చక్కగా అనుకరిస్తుంది కాబట్టి చెవిని మాత్రమే నమ్ముకుంటే మోసపోతాం. కాసేపటికి నలభై అడుగుల దూరంలో, లోపలి కొమ్మ మీద గోధుమ రంగు పక్షి ఒకటి కదిలింది. మా తోట కాపలా తాత "గెద్దపిల్ల బాబూ, కోడిపిల్లల్ని మూయించండి" అన్నాడు. నేను చూస్తూనే ఉన్నాను. అది తల ఎత్తినప్పుడు తెల్లని గొంతు మీద సన్నని చార, రొమ్ము మీద బొట్లు, పసుపు కన్ను వరుసగా తేటపడ్డాయి. ఎన్నో ఏళ్లుగా ఎదురుచూసిన ఆ గీతను నా కళ్లతో చూసిన ఆ నిమిషానికే పెట్టిన డబ్బు దక్కిందని నేను మనస్ఫూర్తిగా చెప్పగలను.

ఇంకా ఎక్కువ మెచ్చుకోవలసింది డేగకోకిల విషయంలో. వేసవి రాత్రుళ్లు గొంతు పెంచుకుంటూ ఎడతెగకుండా అరిచే ఈ కోకిల ఎదిగాక జాలెడేగలా కనిపిస్తుంది. ఆశ్చర్యమేమిటంటే దాని పిల్ల కూడా జాలెడేగ పిల్లలాగే, అవే గోధుమ మచ్చలతో ఉంటుంది. ఈకలను చూసి దీన్ని విడదీయబోతే గంటలు గడిచిపోతాయి, ముక్కునూ కాళ్లనూ చూడాలి. కోకిల ముక్కు డేగ ముక్కులా మొదట్లోనే కొక్కెంలా వంగదు, కొమ్మను పట్టుకున్న కాలికి రెండు వేళ్లు ముందుకు, రెండు వెనక్కి ఉంటాయి. డేగకు మూడు ముందుకు, ఒకటి వెనక్కి. 8×42లో ఈ వేళ్ల అమరిక స్పష్టంగా తెలిసింది. కళింగపట్నం తీరంలో గరుడ పక్షి పిల్లను గెద్దగా పొరపడేవారికి ఇంత శ్రమ అక్కర్లేదు, తోక చివర గుండ్రంగా ఉందా, చీలి ఉందా చూస్తే చాలు, దానికి ఏ బైనాక్యులర్ అయినా సరిపోతుంది.

లోపాలు కూడా ఉన్నాయి. శాలిహుండం కొండ మీద నిలబడి వంశధార మీదుగా ఎగిరే పక్షులను చూసినప్పుడు, తెల్లని ఆకాశానికి ఎదురుగా రెక్కల అంచుల చుట్టూ ఊదారంగు అంచు ఏర్పడుతుంది, ఆ ఊదారంగులో రొమ్ము మీది మచ్చలు కలిసిపోతాయి. ఎగిరే డేగపిల్లకు ఈ బైనాక్యులర్ పనికిరాదనే చెప్పాలి. ఫోకస్ చక్రం మొదటి నెలలో సాఫీగా తిరిగింది, ఇప్పుడు బిగుసుకుంది. మరో బెడద సముద్రపు గాలి: వర్షాకాలం పోయేసరికి కంటి అద్దం అంచున బూజు మచ్చ ఒకటి పట్టింది. గ్యారంటీ కాగితంలో బూజుకు బాధ్యత లేదని చిన్న అక్షరాల్లో ఉంది, నేను చదవలేదు. అప్పటి నుంచి సిలికా జెల్ పొట్లాలు వేసిన గట్టి మూత డబ్బాలో ఉంచుతున్నాను, మచ్చ పెరగలేదు.

కొనదలచినవారు సాయంత్రం పొద్దువాలే వేళ దుకాణానికి వెళ్లండి. గుమ్మం దగ్గర నిలబడి, ఎదురుగా నీడలో కూర్చున్న కాకి మెడ మీది బూడిద రంగు ఎక్కడ ముగిసి గొంతు నలుపు ఎక్కడ మొదలవుతుందో చూడండి. తర్వాత వెలుతురు ఉన్న ఆకాశం వైపు తిప్పి, ఒక కొబ్బరాకు అంచు చుట్టూ రంగు ఎంత పట్టిందో చూడండి. కళ్లజోడు ఉన్నవారు దాన్ని తీయకుండానే చూసి, చుట్టూ నల్లటి అంచు లేకుండా బొమ్మ పూర్తిగా కనిపిస్తేనే తీసుకోండి.