విజయవాడ చెమటకు నిలిచే హ్యాండిల్ టేపు: ఇంట్లోనే చుట్టుకుంటూ కొన్నేళ్లు వాడాక

విజయవాడలో రోడ్ సైకిల్ తొక్కేవాళ్లకు హ్యాండిల్ గొట్టానికి పట్టు కోసం చుట్టే టేపుల్లో 2.5 మి.మీ. మందం ఉన్న పాలీయురేథేన్ (ఒక రకం ప్లాస్టిక్) టేపు సరిపోతుంది. దాన్ని ఎవరి సైకిల్‌కు వాళ్లు ఇంట్లోనే చుట్టుకోవడం మంచిది. కొన్నేళ్లుగా రకరకాల టేపులు వాడాక నేను చెప్పగలిగిన మాట ఇది. టేపు ఏ కంపెనీదన్న దానికంటే ఎంత బిగితో, ఏ దిశలో, ఒక చుట్టు మీద ఇంకో చుట్టు అంచు ఎంత ఎక్కించి చుట్టామన్నదే చేతికి ఎక్కువ తెలుస్తుంది. ఆ మూడూ మన చేతుల్లో ఉన్నవే.

నాది కొమ్ములు వంగిన డ్రాప్ హ్యాండిల్ ఉన్న సైకిల్. తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ దాటి, ఉండవల్లి మీదుగా కరకట్ట పట్టుకుని వెంకటపాలెం, రాయపూడి వైపు వెళ్తుంటాను. వీలైన ఆదివారాల్లో అమరావతి దాకా. పనిరోజుల్లో బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు ట్రాఫిక్‌లోనే. అంటే టేపుకు అన్ని పరీక్షలూ జరిగాయి. కరకట్ట మీద దుమ్ము, సిటీలో మాటిమాటికీ బ్రేకులు, వానాకాలం తడి, అన్నిటికీ మించి చెమట.

మన ఊళ్లో టేపు పాడయ్యేది ముఖ్యంగా చెమట వల్లే. వేసవిలో 40 డిగ్రీలు దాటడం మనకు మామూలే. వేడిని మించి బాధపెట్టేది ఉక్కపోత. కృష్ణ పక్కనే ఉండటంతో సూర్యుడు రాకముందే అరచేతులు తడిసిపోతాయి. ఆ ఉప్పునీరు రోజూ టేపులోకి దిగి, కింద జిగురును, దాని కింద లోహాన్ని కూడా తాకుతుంది. చల్లటి దేశాల వాళ్లు రాసిన సలహాలు చదివి టేపు కొంటే ఇక్కడ సరిపోకపోవడానికి కారణం ఇదే.

రకాల విషయానికొద్దాం. పాత రోజుల నుంచీ ఉన్నది నూలు టేపు. చవక, పలుచన, తడిసినా జారదు, త్వరగా ఆరుతుంది. కానీ మెత్తదనం దాదాపు ఉండదు. గతుకుల రోడ్డు మీద అదురంతా నేరుగా మణికట్టుకు తగులుతుంది. పైగా మురికి పట్టిందంటే ఎంత ఉతికినా పాత రంగు రాదు. తరువాత వచ్చింది కార్క్ టేపు. పేరు కార్క్ అయినా అందులో ఎక్కువ భాగం ఈవీఏ అనే నురుగు లాంటి ప్లాస్టిక్, దానిలో కార్క్ పొడి కలుపుతారు. చేతికి హాయిగా ఉంటుంది, చెమట పీల్చుకుంటుంది. కొత్తగా ఉన్నప్పుడు నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. కానీ రెండు ఇబ్బందులున్నాయి. కాస్త గట్టిగా లాగితే చుట్టేటప్పుడే చిరుగుతుంది. ఒక వేసవి గడిచేసరికి బొటనవేలు ఆనే చోట పొట్టు రాలినట్టు రాలుతుంది. పీల్చుకున్న చెమట లోపలే ఉండిపోవడం వల్ల వాసన కూడా వస్తుంది.

నేను ఇప్పుడు వాడుతున్నది పాలీయురేథేన్. పైకి రెక్సిన్‌లా కనిపిస్తుంది, వెనక పలుచని నురుగు పొర ఉంటుంది. నీళ్లు లోపలికి అంతగా దిగవు. సబ్బునీళ్లలో పాత టూత్‌బ్రష్ ముంచి రుద్దితే శుభ్రమవుతుంది. సాగుతుంది కాబట్టి వంపుల దగ్గర ముడతలు తక్కువ పడతాయి. పైన చిన్న చిన్న రంధ్రాలో గరుకు గీతలో ఉన్న రకం తీసుకోండి. నున్నటి రకం చెమట పట్టగానే జారుతుంది. సిలికాన్ టేపులూ ఉన్నాయి. కొన్నిటికి వెనక జిగురు ఉండదు కాబట్టి విప్పి మళ్లీ చుట్టుకోవచ్చు. పట్టు అద్భుతంగా ఉంటుంది గానీ దుమ్మును అలాగే పట్టి ఉంచుకుంటుంది. కరకట్ట మీద ఇసుక లారీల వెనక వెళ్లేవాళ్లకు అది నేను చెప్పను. లిజార్డ్ స్కిన్స్ కంపెనీ వాళ్ల డీఎస్పీ అనే రకం టేపు 1.8, 2.5, 3.2 మి.మీ. మందాల్లో దొరుకుతుంది. ఒక స్నేహితుడి సైకిల్ మీద చాలా దూరాలు తొక్కి చూశాను. తడి చేతికి అంత పట్టు ఇచ్చే టేపు నేను మరొకటి చూడలేదు. ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది కాబట్టి, చుట్టడం బాగా చేతనయ్యాకే అటు వెళ్లడం మేలు.

మందం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొనేటప్పుడు అందరూ ‘మందంగా ఉంటే మెత్తగా ఉంటుంది’ అనుకుంటారు. డ్రాప్ హ్యాండిల్ గొట్టం చేయి పట్టే చోట సాధారణంగా 23.8 మి.మీ. ఉంటుంది. 2.5 మి.మీ. టేపు ఒక్క పొరగా పడితే అది 28.8 అవుతుంది. ప్రతి చుట్టూ ముందు చుట్టు మీద సగం ఎక్కితే అంతటా రెండు పొరలు పడతాయి, లెక్క ప్రకారం 33.8. సాగదీసినప్పుడు టేపు పలచబడుతుంది కాబట్టి నిజంగా అంత రాదు, అయినా తేడా చేతికి బాగా తెలుస్తుంది. చిన్న చేతులున్నవాళ్లకు వేళ్లు చుట్టూ తిరగక, బ్రేక్ వేసే వేలు అందక ఇబ్బంది. అదే టేపును మూడో వంతు మాత్రమే ఎక్కిస్తే సన్నగా వస్తుంది. ఒకే టేపుతో రెండు రకాల హ్యాండిళ్లు చేసుకోవచ్చన్నమాట. నేను వంగిన కొమ్ము భాగంలో మూడో వంతు, ఎక్కువసేపు చేతులు ఆనే పై భాగంలో సగం ఎక్కిస్తాను. ఇలా ఒకే టేపులో రెండు కొలతలు ఉండాలంటే మన చేత్తో మనం చుట్టుకోవాల్సిందే.

ఇక చుట్టడం. పాత టేపు విప్పే పనిని విసుగ్గా చూడకండి. సమయమంతా అక్కడే పెట్టండి. జిగురు మరకలు పోవడానికి స్పిరిట్‌లో ముంచిన గుడ్డ చాలు. కిరోసిన్ వాడితే జిడ్డు మిగులుతుంది, ఆ తరువాత సబ్బునీళ్లతో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. గొట్టం శుభ్రమయ్యాక వెలుతురులోకి తెచ్చి వేలితో అంతా తడిమి చూడండి. అల్యూమినియం మీద తెల్లటి పొడి, చిన్న గుంటలు కనిపిస్తున్నాయంటే చెమటలోని ఉప్పు లోహాన్ని తింటోందని అర్థం. ముఖ్యంగా బ్రేక్ లివర్ బిగించిన పట్టీ దగ్గర, హ్యాండిల్‌ను మధ్యలో సైకిల్‌కు పట్టి ఉంచే స్టెమ్ పక్కన చూడాలి. పైపైన తెల్లబడితే తుడిచేయవచ్చు. గోటికి తగిలేంత లోతు గుంటలున్నా, పగులు గీత కనిపించినా ఆ హ్యాండిల్ మార్చేయాలి, రెండో మాట లేదు. అది విరిగేది మనం దాని మీద బరువంతా వేసినప్పుడే. టేపు బాగానే ఉంది కదా అని ఏళ్ల తరబడి విప్పకుండా వదిలేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా టెన్షన్‌గా ఉంటుంది. మన వాతావరణంలో ఏడాదికి ఒకసారి, బాగా చెమట పట్టేవాళ్లయితే ఇంకా ముందే విప్పి చూడండి. కార్బన్ హ్యాండిల్‌కు ఈ తుప్పు బాధ లేదు గానీ, దాని మీద పెట్టి బ్లేడుతో టేపు కోయకూడదు. చిన్న గాటు కూడా దానికి మంచిది కాదు.

విప్పినప్పుడే బ్రేకు, గేరు వైర్ల పై తొడుగులు కూడా చూసుకోండి. మార్చాల్సినవి అప్పుడే మార్చేయాలి, లేకపోతే నెల తిరక్కుండానే కొత్త టేపు విప్పాల్సి వస్తుంది. లివర్లు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయా, బోల్టు గట్టిగా ఉందా అన్నదీ ఈలోపే తేలాలి. తరువాత వైర్లను గొట్టానికి ఆనించి ఇన్సులేషన్ టేపుతో రెండు మూడు చోట్ల కట్టేయాలి. ఇది సరిగా చేయకపోతే పైన ఎంత అందంగా చుట్టినా అరచేతి కింద ఏదో కదులుతున్నట్టే ఉంటుంది.

చుట్టడం ఎప్పుడూ కొమ్ము చివర నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. అప్పుడు ప్రతి పై చుట్టూ కింది చుట్టు అంచును కప్పుతుంది. చేతుల ఒత్తిడికి అంచులు లేవవు. పై నుంచి కిందికి చుట్టిన హ్యాండిల్‌కు కొద్ది వారాల్లోనే అంచులు దొర్లి మురికి చేరడం గమనించవచ్చు. మొదటి చుట్టులో టేపు వెడల్పులో సగం గొట్టం బయటికి ఉండనిచ్చి, దాన్ని లోపలికి మడిచి గొట్టం చివరను మూసే ప్లగ్గు నొక్కేయాలి. ప్లగ్గు వదులుగా ఉంటే దానికి ఒక వరస ఇన్సులేషన్ టేపు చుట్టి పెడితే గట్టిగా కూర్చుంటుంది. అది అలంకారానికి పెట్టేది కాదు. పడిపోయినప్పుడు తెరిచి ఉన్న గొట్టం అంచు ఒంట్లోకి దిగిపోయే ప్రమాదం ఉంది. ప్లగ్గు లేకుండా సైకిల్ బయటికి తీయకండి.

దిశ గురించి చాలామందికి అనుమానం ఉంటుంది. సీటు మీద కూర్చుని చూస్తున్నట్టు అనుకుంటే, కింది కొమ్ముల్లో కుడి పక్క గడియారం ముల్లు తిరిగే వైపు, ఎడమ పక్క దానికి ఎదురు వైపు చుట్టాలి. గట్టిగా లాగి తొక్కేటప్పుడు చేతులు బయటికి మెలితిరుగుతాయి. ఈ దిశలో అయితే ఆ మెలికకు టేపు ఇంకా బిగుసుకుంటుంది. అదే దిశ కొనసాగిస్తే పై భాగానికి వచ్చేసరికి టేపు గొట్టం పై నుంచి ముందుకు పోతుంది. అక్కడ మన చేతులు లాగేదేమో వెనక్కి. అందుకే లివర్ చుట్టూ ‘8’ అంకెలా తిప్పి అక్కడ దిశ మారుస్తారు, ఆపైన టేపు మన వైపుకు వస్తుంది. నేను అలాగే చుడతాను. మన రోడ్ల మీద ఎక్కువసేపు చేతులుండేది లివర్ల మీద, పై భాగంలోనే కాబట్టి అక్కడ టేపు వదులు కాకుండా ఉండటం ముఖ్యం. దిశ మార్చకుండా నేరుగా చుట్టుకుపోయేవాళ్లూ ఉన్నారు. అలాగైతే లివర్ పట్టీ కనిపించకుండా ముందుగా ఒక చిన్న ముక్క అడ్డంగా అంటించి, దాని అంచుల మీదుగా చుట్టాలి.

లివర్ దగ్గరికి రాగానే రబ్బరు తొడుగును పైకి మడిచి ఉంచుకోండి. చుట్టడం అయ్యాక అది కిందికి దిగి టేపు అంచును కప్పేస్తుంది. మొదటిసారి చుట్టేవాళ్లకు ఖాళీ కనిపించేది కొమ్ము వంపు బయటి వైపు, లివర్ కింద. వంపులో లోపలి వైపు దూరం తక్కువ, బయటి వైపు ఎక్కువ. అందువల్ల లోపల అంచు ఎక్కువగా ఎక్కుతుంది, బయట తక్కువ. చుట్టేటప్పుడు బయటి అంచునే చూస్తూ ఉండాలి. ఖాళీ వస్తే రెండు చుట్లు వెనక్కి విప్పి మళ్లీ చుట్టుకోవచ్చు. ఎక్కువసార్లు విప్పితే జిగురు పట్టీతో పాటు నురుగు ఊడి వస్తుంది కాబట్టి మెల్లగా లాగండి.

వన్‌టౌన్‌లో నేను ఎప్పుడూ ట్యూబులు కొనే సైకిల్ షాపు పెద్దాయన ఒకసారి నా సైకిల్ చూసి, “షటిల్ బ్యాట్‌కి గ్రిప్పు చుట్టినట్టే కదయ్యా ఇది” అన్నారు. “అంతే బాబాయ్, కాకపోతే బ్యాట్ పిడి తిన్నగా ఉంటుంది” అన్నాను. బ్యాట్‌కు గ్రిప్పు మార్చుకునే అలవాటున్నవాళ్లకు బిగి ఎంత ఉండాలో చేతికి ముందే తెలిసి ఉంటుంది. టేపు కొద్దిగా సాగాలి, దాని మీది డిజైన్ వంకర పోకూడదు. మొదటి చుట్టు నుంచి చివరి దాకా అదే బిగి ఉండాలి. మధ్యలో ఫోన్ ఎత్తారంటే ఆ చోటు తరువాత వేలికి తెలుస్తుంది.

మన ఊరికి సంబంధించి ఇంకో మాట. వేసవి మధ్యాహ్నం ఈ పని పెట్టుకోకండి. వేడికి జిగురు మెత్తబడి టేపు పక్కకు జరుగుతుంది, చేతి చెమట జిగురుకు అంటుతుంది. పొద్దున్నే ఫ్యాన్ కింద, చేతులు కడుక్కుని కూర్చోవాలి. దుమ్ము లేచే వాకిట్లో కంటే హాల్లో పాత దుప్పటి పరిచి చేయడం మేలు.

చివర స్టెమ్ పక్కన టేపును ఏటవాలుగా కోస్తే అంచు తిన్నగా వస్తుంది. కొన గొట్టం కిందికి ఉండేలా చూసుకుని ఇన్సులేషన్ టేపుతో మూడు నాలుగు చుట్లు వేయాలి. ఆఖరి చుట్టును సాగదీయకండి. సాగదీసిన ఇన్సులేషన్ టేపు ఎండకు వెనక్కి ముడుచుకుని ఊడుతుంది, జిగురు బయటికి కారుతుంది. చివర అంటించడానికి టేపు డబ్బాతో వచ్చే మెరిసే స్టిక్కర్లు మన వేడికి నిలవడం నేను చూడలేదు.

ఇప్పుడున్న పాలీయురేథేన్ టేపు రెండు వేసవులు, రెండు వానాకాలాలు దాటింది. మధ్యలో తుప్పు చూడటానికి ఒకసారి విప్పి, జిగురు పోయిన చోట పలుచని రెండు వైపుల టేపు వేసి మళ్లీ చుట్టాను. లివర్ పైన, అరచేతిలో మణికట్టు వైపు భాగం ఆనే చోట కాస్త నున్నబడింది. మిగతాదంతా గట్టిగానే ఉంది. నలుపు కాబట్టి మురికి తెలియదు. కానీ ఎండలో ఆపితే చేయి పెట్టలేనంత కాలుతుంది, దాని మీద ఒక తడిగుడ్డ వేసి ఉంచుతాను. తెలుపు ఎంత అందంగా ఉన్నా ఇక్కడ వారం కూడా తెల్లగా ఉండదు.

టేపు తీర్చలేని బాధ ఒకటి ఉంది. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతుంటే అరచేతి బయటి అంచు మీదుగా పోయే నరం నలుగుతోందని అర్థం. మందపు టేపు దాన్ని కొంత తగ్గిస్తుంది, పూర్తిగా పోగొట్టదు. సీటు ముందుకు వాలి ఉందేమో, హ్యాండిల్ మరీ దూరంగా, కిందికి ఉందేమో చూసుకుని, తొక్కేటప్పుడు చేతులు చోటు మారుస్తూ ఉండాలి. అప్పటికీ పోకపోతే డాక్టర్‌ని కలవండి.

తిన్నటి హ్యాండిల్ ఉన్న సైకిళ్లకు ఇదంతా అక్కర్లేదు, రబ్బరు గ్రిప్పులు తొడిగితే సరిపోతుంది. డ్రాప్ హ్యాండిల్ ఉన్నవాళ్లు టేపు కొనేటప్పుడు డబ్బాలో ప్లగ్గులు రెండూ ఉన్నాయో లేదో తెరిచి చూసి తీసుకోండి. ఒక్కో చుట్ట రెండు మీటర్లకు దగ్గరగా ఉండాలి. వెడల్పు హ్యాండిల్‌కు, సగం సగం ఎక్కించి చుట్టేవాళ్లకు పొట్టి టేపు స్టెమ్ దాకా రాదు.