తుంగచాప పరుచుకునే చోటు కోసం కోనసీమలో నాలుగు రోజులు

నేను యోగా నేర్చుకున్నది ఆశ్రమంలో కాదు, అమలాపురంలో ఒక రిటైర్డ్ డ్రిల్లు మాస్టారి డాబా మీద. 2009లో మావారికి అక్కడికి బదిలీ అయింది. రెండో కాన్పు తరవాత నడుం పట్టేసి, వంగి బిందె ఎత్తలేకపోయేదాన్ని. ఎదురింటావిడ చెయ్యి పట్టుకుని మాస్టారి దగ్గరికి తీసుకెళ్లింది. మొదటి పదిహేను రోజులు ఆయన ఒక్క ఆసనం కూడా వేయించలేదు. ఉత్త నిలబడడమే. "అమ్మాయ్, బరువు మడమ మీదుందా, వేళ్ల మీదుందా? చూసుకో" అనేవారు. అదే తాడాసనమని నాకు చాలా రోజుల తరవాత తెలిసింది. నెల తిరిగేసరికి బిందె ఎత్తాను. అప్పటినుంచి ఈ సాధన మీద నాకు పుట్టిన ప్రేమ ఇప్పటికీ తగ్గలేదు.

2012లో హైదరాబాద్ వచ్చేశాం. అప్పటినుంచి నేనే నేర్పుతున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఒక పదిమందిని నాలుగు రోజులు తీసుకెళ్లి, ఫోన్లు పక్కన పెట్టించి సాధన చేయించాలని ఎన్నాళ్లుగానో కోరిక. ముందు చోట్లు చూసి వద్దామని పోయిన ధనుర్మాసంలో నేనూ, నా దగ్గర నేర్చుకునే ఒక అమ్మాయీ గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం.

రాజమండ్రిలో తెల్లవారుజామునే దిగి నేరుగా పుష్కర ఘాట్‌కి వెళ్లాం. మంచు ఇంకా విడలేదు. ఆఖరి మెట్టు మీద కూర్చుని నాడీశోధన, అంటే ఒక్కో ముక్కుతో మార్చి మార్చి శ్వాస తీసే ప్రాణాయామం, చేసుకున్నాం. గోదావరి మీదినుంచి వచ్చే ఆ చల్లగాలి ముక్కులోకి వెళ్తుంటే ఇంకేం అక్కర్లేదనిపించింది. కానీ ఆసనాలకి ఆ మెట్లు చాలవు. పైగా ఏడు దాటితే స్నానాలవాళ్లు, ఫొటోలవాళ్లు వచ్చేస్తారు. మేం దిగిన హోటల్ గది శుభ్రంగానే ఉంది, రేటూ న్యాయమే. రెండు మంచాల మధ్య ఒక్క చాప కూడా పట్టదు. రాజమండ్రిని రైలు దిగే ఊరుగానే లెక్కేసుకున్నాను.

దారిలో ధవళేశ్వరం దగ్గర ఆగాం. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇప్పుడున్న బ్యారేజీ ఆ తరవాతది. గోదావరి ఇక్కడే గౌతమిగా, వశిష్ఠగా చీలుతుంది. అక్కడినుంచి రావులపాలెం మీదుగా కోనసీమలోకి వెళ్తుంటే రోడ్డుకి ఒక పక్క కాలువ, రెండో పక్క కొబ్బరితోటలు.

దిండి వైపు నది ఒడ్డున ఒక ప్రైవేటు రిసార్టులో ఒక రాత్రి ఉన్నాం. నేను ఎక్కువ ఆశ పెట్టుకున్నది దీని మీదే. వరండాలోంచి చూస్తే వశిష్ఠ నిండుగా కనిపిస్తుంది, పడవలు నెమ్మదిగా పోతుంటాయి. పిల్లలతో సరదాగా గడపడానికి మంచి చోటే. సాధనకి మాత్రం కాదు. రాత్రి పన్నెండు దాకా ఎవరిదో పెళ్లిరోజు పార్టీ, డీజే. తెల్లవారి హాలు తాళం అడిగితే ఎనిమిదింటికిగానీ స్టాఫ్ రారన్నారు. వరండాలో వేద్దామంటే నున్నటి టైల్స్ మీద మంచు తడి. అరచేతులూ పాదాలూ నేలకానించి నడుం పైకెత్తే అధోముఖ శ్వానాసనంలో నాతో వచ్చిన అమ్మాయి చెయ్యి సర్రున జారింది. మణికట్టు విరగలేదు, అదృష్టం. డెల్టాలో గాలికి తడి ఎక్కువ, రబ్బరు మ్యాట్ కూడా చెమటకి జారుతుంది. మాస్టారు తుంగచాపే తెమ్మని ఎందుకు పట్టుబట్టేవారో ఆ పొద్దున అర్థమైంది.

అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి దర్శనం అయ్యాక సముద్రం ఒడ్డుకి నడిచాం. ఇసుకలో నిలబడి చేసే ఆసనాలు వద్దు. మడమ దిగబడుతుంది, మోకాలు పక్కకి లాగుతుంది. కూర్చుని ఊరికే శ్వాస గమనించడానికైతే వశిష్ఠ సముద్రంలో కలిసే ఆ చోటుకి సాటి నేను చూడలేదు. అరగంట అనుకుని గంటన్నర కూర్చున్నాం. భీష్మ ఏకాదశికి రథోత్సవం, ఇసుక వేస్తే రాలని జనం. ఆ రోజులు తప్పించి వెళ్లాలి.

చివరికి దొరికింది అంబాజీపేట దగ్గర ఒక పాత మండువా లోగిలి, నడిమధ్య పైకప్పు లేకుండా ఆకాశం కనిపించే ఇల్లు. పెద్దావిడ, కొడుకు, కోడలు ఉంటారు. నాలుగు గదులు అద్దెకిస్తారు. టిఫిను, రెండు పూటలా భోజనం కలిపి మనిషికి రోజుకి 1,200. ఏసీ లేదు. బాత్రూములు పెరట్లో ఉన్నాయి, రాత్రిపూట టార్చి కావాలి. కానీ మండువా చుట్టూ గచ్చు నేల! అరికాలు పట్టుకుంటుంది, జారదు. "పొద్దున్నే నాలుగున్నరకి లేస్తామండీ, చప్పుడవుతుందేమో" అని మొహమాటపడితే, పెద్దావిడ "ఆయ్, నేను నాలుగింటికే లేస్తానమ్మా, వేణ్నీళ్లు పెట్టేస్తాను" అంది. గుడి మైకులో తిరుప్పావై అయిదింటికి మొదలవుతుంది, ధనుర్మాసంలో అది తప్పదు. సంధ్యవేళ దోమలు. అందుకని సాయంత్రం సాధన నాలుగింటికే ముగించాం. సాధనయ్యాక పనసాకుల బుట్టల్లో ఆవిరికి ఉడికిన పొట్టిక్కలు, కొబ్బరి పచ్చడి. కడుపులో బరువన్నది లేదు.

ఆఖరి రోజు మాస్టారింటికి వెళ్లాను. ఎనభై దాటారు. కింద కూర్చోలేరు, కుర్చీలోనే ప్రాణాయామం చేస్తున్నారు. ఆయనకి ఇన్నాళ్లూ చెప్పని సంగతి ఒకటి చెప్పాను. 2016లో ఒక ట్రైనింగు కోర్సులో, అందరికంటే ముందు పద్మాసనం వేయాలన్న పంతంతో మోకాలు పాడుచేసుకున్నాను. అక్కడ నేర్పినాయన పైనుంచి తొడ నొక్కారు, నేనూ వద్దనలేదు. ఎనిమిది నెలలు మెట్లెక్కలేదు. మాస్టారు కాసేపు మాట్లాడలేదు. "పతంజలి స్థిరసుఖమాసనం అన్నాడు. స్థిరం ఒక్కటే అనలేదు కదమ్మా" అని, "ఏదీ, త్రికోణాసనం వెయ్యి" అన్నారు.

కాళ్లు ఎడంగా పెట్టి పక్కకి వంగే ఆసనం అది. మాస్టారు డాబా ఎక్కలేరు కాబట్టి హాల్లోనే వేశాను. కుర్చీలోంచి లెక్కపెడుతూ, వెనక మడమ బయటి అంచు తేలుతోందని చేతికర్రతో తట్టి చూపించారు. నా దగ్గర నేర్చుకునేవాళ్లకి నేను రోజూ చెప్పే తప్పే అది. సరిచేసుకున్నాను. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఆసనం మాత్రం వదల్లేదు.

తిరుగు ప్రయాణంలో ముక్తేశ్వరం రేవులో పంటు, అంటే మనుషుల్నీ బళ్లనీ దాటించే పెద్ద పడవ, ఎక్కి కోటిపల్లి వైపు గౌతమి దాటాం. మోటారు సైకిళ్ల మధ్య కమ్మీ పట్టుకోకుండా నిలబడి, బరువు మడమ మీదుందా వేళ్ల మీదుందా అని అవతలి ఒడ్డు దాకా చూసుకుంటూనే ఉన్నాను.

మాఘమాసంలో, రథోత్సవం జనం తగ్గాక, పదకొండుమందిమి వెళ్తున్నాం. నాలుగు గదులూ మాట్లాడేశాను. తుంగచాపలు అక్కడే కొంటాం. మూడో రోజు పొద్దున మాస్టారిని ఆటోలో మండువా ఇంటికి తీసుకొస్తానని వాళ్లబ్బాయి మాటిచ్చాడు.