ఏడేళ్ల రాయితీ కార్డు, వదలని క్యూ

నా ప్రయాణ కార్డు మూలలు అరిగిపోయాయి. దాని మీద ఫొటోలో నా ముఖం సగం చెరిగింది. తనిఖీకి వచ్చినవాళ్లు దాన్ని చూస్తారు, నన్ను చూస్తారు, మళ్లీ దాన్ని చూసి సర్లే అన్నట్టు తిరిగిచ్చేస్తారు. ఏడేళ్లుగా ఇలాంటి కార్డే వాడుతున్నాను. మొదటి మూడేళ్లు విద్యార్థి రాయితీ, తర్వాత రెండేళ్లు మామూలు నెలవారీ పాసు, ఈ రెండేళ్లూ డబ్బు వేసుకుని తిరిగినంతకే కోత పడే పద్ధతి. కార్డు తీసుకున్నది రాయితీ కోసమే. తీరా వాడాక బాగా అక్కరకొచ్చింది మాత్రం రోజూ కౌంటరు ముఖం చూడక్కర్లేకపోవడం. తమాషా ఏంటంటే, ఆ రాయితీయే నన్ను పదేపదే అదే కౌంటరు దగ్గరికి ఈడ్చుకెళ్లింది.

కార్డు లేని రోజుల్లో పొద్దున చాంతాడంత క్యూ ఉండేది. అయినా చకచకా కదిలేది. ఊరి పేరు చెప్పడం, చిల్లర ఇవ్వడం, టికెట్ తీసుకోవడం, అంతా కలిపి మనిషికి అర నిమిషం. ముందు 24 మంది ఉంటే 12 నిమిషాలు. అలవాటైపోయింది.

నెల మొదటి తారీఖు సంగతి వేరు. ఆ రోజు అదే క్యూలో పాసు రెన్యువల్ వాళ్లూ ఉంటారు. ఒక్కో రెన్యువల్‌కి తక్కువలో తక్కువ మూడు నిమిషాలు. 24 మందిలో ఎనిమిది మంది అలాంటివాళ్లు పడ్డారా, 12 నిమిషాలు కాస్తా 32 అయ్యాయి. పైకి చూస్తే క్యూ పొడవు అంతే. కాబట్టి ఇప్పుడు క్యూలో తలలు లెక్కపెట్టను, చేతులు చూస్తాను. ఎవరి చేతిలో ఫారం ఉంది, ఎవరి చేతిలో చిల్లర ఉంది అని. ఫారాలు ఎక్కువున్న వరస పొట్టిగా ఉన్నా అటు వెళ్లను.

విద్యార్థి రాయితీ రెండో ఏడు రెన్యువల్ ఇంకా గుర్తుంది. నలభై నిమిషాలు నిలబడి కిటికీ దాకా చేరాను. గుమాస్తా రబ్బరు తొడిగిన వేలితో నా కాగితాలు ఒక్కొక్కటే తిప్పారు. కాలేజీ ధ్రువపత్రం ఉంది, పాత కార్డు ఉంది, ఫారం నింపే ఉంది. ఫొటో తిరగేశారు.

"వెనక సంతకం లేదు."

"ఇప్పుడే చేస్తానండి. పెన్నుందా సార్?"

"పక్కకెళ్లి చేసుకు రండి. నెక్స్ట్!"

పక్కకెళ్లాను. పెన్ను అడిగి తెచ్చుకుని సంతకం పెట్టి వచ్చేసరికి నా చోటు లేదు. వెనకున్న పెద్దాయన "నా ముందే ఉన్నాడండీ ఈ అబ్బాయి" అని సాక్ష్యం చెప్పబట్టి సరిపోయింది, లేకపోతే మళ్లీ తోక దగ్గరికే. ఫొటో వెనక సంతకం ఉండాలని ఫారంలో ఎక్కడా రాసి లేదు. ఇంటికెళ్లాక రెండు పక్కలా చదివి మరీ చూశాను.

గుమాస్తాలను పూర్తిగా తప్పుపట్టలేను. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల్లో కాల్స్ ఎలా పేరుకుంటాయో లెక్కగట్టి 1909లో ఎర్లాంగ్ అనే డెన్మార్క్ గణితవేత్త మొదలుపెట్టిన శాస్త్రం ఒకటుంది, క్యూలకంతా అదే ఆధారం. ఉన్నది ఒకటే కౌంటరు, జనం వరసా వాయీ లేకుండా వస్తున్నారు, ఒక్కొక్కరి పనికి పట్టే సమయమూ అలాగే మారుతోంది అనుకుందాం. ఆ కౌంటరు సగం సమయం ఖాళీగా ఉంటే, సగటున ఒక మనిషి పని అయ్యేంతసేపు ఆగితే చాలు. 80 శాతం సమయం పనిలో ఉంటే నలుగురి పని అయ్యేంతసేపు ఆగాలి. 90 శాతానికి చేరితే ఏకంగా తొమ్మిది మందిది. అందుకే ఒకటో తారీఖున రెండు కౌంటర్లలో ఒకటి మూసి "భోజన విరామం" బోర్డు పెట్టగానే క్యూ రెట్టింపు అవడంతో ఆగదు, గేటు దాటి రోడ్డెక్కుతుంది. పదిహేను తర్వాత మధ్యాహ్నం పూట వెళ్తే అదే కిటికీ దగ్గర ఈగలు తోలుకుంటుంటారు. గడువు తారీఖు అందరికీ నెలాఖరే ఎందుకుండాలో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. కొన్న రోజు నుంచి 30 రోజులు అంటే సగం గొడవ వదిలేది.

సరే, ఆన్‌లైన్ రీఛార్జ్ వచ్చింది, ఇక కౌంటరు పీడ పోయిందనుకున్నాను. మొదటిసారి రాత్రి డబ్బు కట్టి పొద్దున గేటు దగ్గర కార్డు పెడితే ఎర్ర లైటు. బ్యాంకులో డబ్బు కట్ అయింది, కార్డులో పడలేదు. కారణం తర్వాత తెలిసింది. ఇలాంటి కార్డుల్లో నిల్వ మొత్తం చిప్‌లోనే రాసి ఉంటుంది. కార్డులో బ్యాటరీ ఉండదు, లోపల చుట్టిన సన్నటి తీగకు రీడరు దగ్గర నుంచి వచ్చే 13.56 మెగాహెర్ట్జ్ తరంగాలే కరెంటు. రీడరుకు నాలుగు వేళ్ల దూరంలోకి వస్తేనే దానికి ప్రాణం. మనం ఫోన్లో కట్టిన డబ్బు ఎక్కడో కంప్యూటర్లో కాచుకుని కూర్చుంటుంది, కార్డును సరైన మెషీన్ మీద ఆనిస్తే గానీ చిప్‌లోకి ఎక్కదు. ఆ మెషీన్ ఎక్కడుంది? కౌంటరు పక్కనే. దానికీ క్యూ.

డబ్బు లెక్క కూడా చెప్పాలి, చాలామంది ఇక్కడే పొరబడతారు. నా దారిలో నెల పాసు ఖరీదు 36 విడి టికెట్లతో సమానం. 22 రోజులు రానూపోనూ తిరిగితే 44 టికెట్లు, అంటే ఎనిమిది మిగిలినట్టు కనిపిస్తుంది. కానీ డబ్బు వేసుకునే కార్డులో ప్రతి ప్రయాణానికీ పది శాతం తగ్గుతుంది. ఆ లెక్కన 40 ప్రయాణాలు, అంటే నికరంగా 20 రోజులు తిరిగితే గానీ పాసుకు పెట్టిన డబ్బు గిట్టదు. ఒక జ్వరం, రెండు సెలవులు, ఒక పెళ్లి పడితే ఆ నెల పాసు దండగ. పాసున్న రెండేళ్లలో అలాంటి నెలలు నాకు ఏడో ఎనిమిదో తగిలాయి. అందుకే మారాను. రోజూ తప్పనిసరిగా వెళ్లేవాళ్లూ, మధ్యలో నాలుగుసార్లు ఎక్కి దిగేవాళ్లూ పాసే తీసుకోండి, అనుమానం వద్దు.

ఈ లెక్కలన్నీ ప్రయాణికుడి నెత్తిన పెట్టకుండా నడిపేవాళ్లూ ఉన్నారు. లండన్‌లో 2014 నుంచి మెట్రోలో మామూలు బ్యాంకు కార్డే గేటుకు ఆనించొచ్చు. రోజుకింత, వారానికింత అని ఒక హద్దు ఉంటుంది, అది దాటాక ఎన్నిసార్లు తిరిగినా కోత ఉండదు. పాసు కొనాలా వద్దా అని ముందే జాతకం చూసుకోనక్కర్లేదు. అయితే విద్యార్థి రాయితీ కావాలంటే అక్కడా ఆయిస్టర్ అనే అక్కడి ప్రయాణ కార్డు, అదీ ఫొటో ఉన్నదానికి దరఖాస్తు పెట్టుకోవాల్సిందే. హాంకాంగ్‌లో 1997లో వచ్చిన ఆక్టోపస్ కార్డయితే నిల్వ చాలకపోయినా ఒకసారికి అప్పు మీద ప్రయాణం చేయనిస్తుంది. నా కార్డు టికెట్టులో ఆఖరి నాణెం తక్కువైనా గేటు తీయదు. లగ్జెంబర్గ్ వాళ్లు 2020 ఫిబ్రవరి 29 నుంచి మొదటి తరగతి రైళ్లు తప్ప దేశమంతా ప్రయాణం ఉచితం చేసి కౌంటరు గొడవే తీసేశారు. అసూయ పడటం తప్ప ఏం చేస్తాం.

చిన్నాచితకా ఇబ్బందులు: దిగేటప్పుడు కార్డు ఆనించడం మరిచిపోతే ఆఖరి స్టాప్ దాకా ఛార్జీ పడుతుంది, నాకు నాలుగుసార్లు పడింది. పర్సులో మరో చిప్ కార్డు పక్కనుంటే రీడరు తికమకపడుతుంది, విడిగా పెట్టుకోండి. పేరు నమోదు చేయించుకుంటే పోయిన కార్డులో డబ్బు కొత్తదానికి మారుస్తారు. ఒకసారి పోగొట్టుకున్నాను, పన్నెండు రోజులు పట్టినా డబ్బు మొత్తం వచ్చింది. దీనికి మాత్రం మంచి మార్కులే వేస్తాను.

మొత్తానికి అయిదుకు మూడున్నర. తెగ్గోసిన ఒకటిన్నరలో ఒకటి ఒకటో తారీఖుకే.

ఈ నెలాఖరుకు కార్డు గడువు తీరుతోంది, కొత్తది తీసుకోవాలి. గురువారం మధ్యాహ్నం సెలవు పెట్టి వెళ్తున్నాను. రెండు ఫొటోలు తీయించాను, రెండింటి వెనకా సంతకం చేసి కవర్లో పెట్టాను. జేబులో పెన్ను కూడా ఉంది.