లినక్స్‌లో వేర్వేరు పార్టిషన్లు: ఏళ్ల తరబడి వాడాక

డిస్క్ మొత్తం ఒకే రూట్‌కి (సిస్టమ్ ఉండే చోటు) ఇచ్చేయాలా, లేక హోమ్ (మన సొంత ఫైళ్లు), వార్ (లాగ్‌ల్లాంటి మారుతుండే డేటా), బూట్ (సిస్టమ్ మొదలవడానికి కావాల్సిన ఫైళ్లు) అంటూ ముక్కలు, అంటే పార్టిషన్లు చేయాలా? లినక్స్ ఇన్‌స్టాల్ చేసేవాళ్లు చాలామంది ఆలోచనలో పడేది ఇక్కడే. నేను చాలా ఏళ్లుగా ముక్కలు చేసే వాడుతున్నాను. వాటిలో పడ్డ శ్రమకు తగిన ఫలితం ఇచ్చింది హోమ్ ఒక్కటే.

హోమ్ విడిగా ఉంటే డిస్ట్రో (ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ రకం) మార్చడానికి టెన్షన్ పడక్కర్లేదు. ఇన్‌స్టాలర్‌లో మాన్యువల్ ఎంచుకుని రూట్‌ని ఫార్మాట్ చేయమనాలి. పాత హోమ్‌కి మౌంట్ పాయింట్ (అది ఏ ఫోల్డర్‌గా కనిపించాలో) మాత్రం ఇచ్చి, ఫార్మాట్ టిక్ లేదని ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. యూజర్ పేరు పాతదే ఇస్తే ఫొటోలు, బుక్‌మార్కులు, టెర్మినల్ రంగులతో సహా అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. యూజర్ ఐడీ నంబర్ కూడా కలవాలి గానీ, మొదటి యూజర్‌కి చాలా డిస్ట్రోలు 1000 నంబరే ఇస్తాయి కాబట్టి ఒక్కరే వాడే మెషిన్‌లో ఆ గొడవ ఉండదు. చిరాకల్లా గ్నోమ్ డెస్క్‌టాప్ నుంచి కేడీఈ డెస్క్‌టాప్‌కి మారినప్పుడే: పాత సెట్టింగుల ఫైళ్లు కొత్తదాంట్లో వేలు పెడతాయి. అన్నట్టు, ఇది బ్యాకప్ కాదు. డిస్క్ పోతే హోమ్ కూడా దాంతోపాటే పోతుంది.

అసలు తలనొప్పి రూట్ సైజు. 20 జీబీ చాలన్న పాత సలహాలు ఇప్పుడు పనికిరావు. ఫ్లాట్‌ప్యాక్, డాకర్ అనే టూల్స్‌తో దించుకునే యాప్‌లు, ఇమేజ్‌లు మామూలుగా వార్ కింద చేరతాయి, వార్‌ని విడదీయకపోతే అంటే రూట్‌లోనే. హోమ్‌లో వందల జీబీ ఖాళీగా పడి ఉన్నా అప్‌డేట్ మాత్రం చోటు లేదని ఆగిపోతుంది. రూట్‌ని పెంచాలంటే దాని పక్కనున్న హోమ్‌ని జరపాలి. లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపే పెన్‌డ్రైవ్) బూట్ చేసి, జీపార్టెడ్ అనే పార్టిషన్ టూల్ ఆ డేటా మొత్తాన్ని జరుపుతున్న గంటలన్నీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చోవాల్సిందే. మధ్యలో కరెంటు పోతే మొదటికే మోసం. అందుకే ఇప్పుడు రూట్‌కి 80 జీబీ ఇస్తున్నాను. ఎల్‌వీఎం (పార్టిషన్ల సైజు తేలిగ్గా మార్చుకోనిచ్చే ఏర్పాటు) పెట్టుకుని కొంత చోటు ఎవరికీ కేటాయించకుండా వదిలేస్తే ఇంకా హాయి. లినక్స్‌లో ఎక్కువగా వాడే ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ4ని సిస్టమ్ నడుస్తుండగానే పెంచొచ్చు. తగ్గించడానికి మాత్రం అన్‌మౌంట్ చేయాలి.

డెస్క్‌టాప్‌లో వార్‌ని విడదీయడం దండగ. సర్వర్‌లో అయితే లాగ్‌లు అదుపు తప్పినా రూట్ నిండిపోకుండా కాపాడుతుంది. స్వాప్‌కి (ర్యామ్ చాలనప్పుడు డిస్క్‌లో వాడే చోటు) ఫైల్ చాలు, హైబర్నేట్ వాడేవాళ్లకు మాత్రం పార్టిషనే సులువు. డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసి బూట్‌ని విడిగా పెడితే కనీసం 1 జీబీ ఇవ్వండి, పాత కెర్నల్‌లు (లినక్స్ అసలు గుండెకాయ) పేరుకుపోయి నిండిపోతుంది.

చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఈఎక్స్‌టీ4 ప్రతి పార్టిషన్‌లోనూ 5 శాతం రూట్ యూజర్ (అడ్మిన్) కోసం అట్టిపెడుతుంది. 1 టీబీ హోమ్‌లో అది దాదాపు 50 జీబీ. హోమ్‌కి అంత అక్కర్లేదు. ట్యూన్‌2ఎఫ్ఎస్ అనే కమాండ్‌తో 1 శాతానికి దించితే, ఫార్మాట్ చేయకుండానే అందులో చాలా చోటు మనకొస్తుంది.