కొమ్ము పురుగుకు బుట్టా, కలరా ఉండలా, పెంటబొందా: ఏది మేలు?

వానలు మొదలైతే చాలు, మిర్యాలగూడ వైపు నుంచీ దేవరకొండ వైపు నుంచీ ఒకటే ప్రశ్న: "కొమ్ము పురుగు తొలిచి కొబ్బరి మట్టలు కత్తెరతో కోసినట్టు అయినయి. బుట్ట పెట్టాల్నా, కలరా ఉండలు వెయ్యాల్నా?"

మా బావి దగ్గర నాలుగు చెట్లున్నాయి. రెండూ చేసి చూశాను.

కలరా ఉండలు లేత చెట్లకు మంచివి. మొవ్వు (చెట్టు నెత్తిన లేత ఆకు మొగ్గ) చుట్టూ మట్టల మొదళ్లలో మూడు నాలుగు పెట్టి, పైన ఇసుక పోసి, నెలన్నరకోసారి మార్చాలి. ముప్పై అడుగుల చెట్టుకైతే ప్రతిసారీ గౌడన్నను బతిమాలుకోవాలి.

ఇక బుట్ట అంటే, మందు వాసనతో పురుగులను రప్పించి బకెట్‌లో పడేసేది. లింగాకర్షక బుట్ట అంటాం గానీ, ఆ వాసనకు ఆడా మగా రెండూ వస్తాయి. పొద్దున్నే బకెట్‌లో నల్లగా పురుగులు కనబడితే భలే సంతోషం. నాకూ అట్లాగే ఉండేది, ఒక చెట్టు మొవ్వు విరిగేదాకా. ఐదెకరాలకొకటి పెట్టాల్సిన బుట్టను నాలుగు చెట్ల నడుమ వేలాడదీస్తే, పక్క చేన్ల పురుగులు కూడా వచ్చాయి. బకెట్‌లో పడనివి చెట్టెక్కాయి. పెద్ద తోటల వాళ్లు చెట్లకు దూరంగా పెట్టుకుంటే సరే.

నన్నడిగితే ముందు చూడాల్సింది పెంటబొంద, అంటే పశువుల పెంట పోసే గుంత. చెట్టును తొలిచేది పెద్ద పురుగే. దాని పిల్లలు పశువుల పెంటలో, పుచ్చిన మొద్దుల్లో నెలల తరబడి పెరుగుతాయి. పెంట తవ్వితే తెల్లగా, లావుగా, కొడవలిలా వంగి కనబడేవి అవే. మన దగ్గరి ఈ పురుగే 2007లో పసిఫిక్ సముద్రంలోని గ్వామ్ దీవిలో తేలింది. అక్కడ బుట్టలు పెట్టినా ఆగలేదు. 2015లో తుఫానుకు కూలిన చెట్లు కుళ్లేసరికి ఇంకా విజృంభించింది.

ఎండాకాలం పెంట తోలేటప్పుడు అడుగుదాకా తీసి పరిస్తే సగం పని కోళ్లే చేస్తాయి. మిగిలిన కుప్ప మీద పురుగు పిల్లలను చంపే మెటారైజియం శిలీంద్రం నీళ్లలో కలిపి చల్లాలి, అదీ మృగశిర వానలు పడ్డాకే. తడి లేకుంటే అది పనిచేయదు. మేలో చల్లి డబ్బులు పోగొట్టుకోకండి.

చెట్టు తొలిచిన రంధ్రంలోంచి కొక్కెంతో పురుగును లాగడమంటారా, ఎక్కగలిగితే లాగండి. ఆ రంధ్రాన్ని మాత్రం వేపపిండి, ఇసుక కలిపి మూయండి. కొబ్బరిని లోపల్నుంచి తినేసే ఇంకో పురుగు, ఎర్రముక్కు పురుగు, అక్కడ గుడ్లు పెట్టిందంటే చెట్టు మీద ఆశ వదులుకోవాల్సిందే.

పక్క చేనాయన పెంట మూడేళ్లుగా కదల్లేదు. ఈసారి మా ట్రాక్టర్‌లోనే తోలుదామన్నాను. డీజిల్ నాదైతే సరేనన్నాడు.