గండికోటా, మారేడుమిల్లా? పిల్లాపాపలతో గుడారాల్లో దిగాలంటే ఏది మేలు?

సంక్రాంతి సెలవుల్లో ఇంటిల్లిపాదీ ఒక రాత్రి గుడారాల్లో గడుపుదామనుకుంటే మనవాళ్ల నోట ముందుగా వచ్చే పేర్లలో గండికోట, మారేడుమిల్లి తప్పకుండా ఉంటాయి. ఒకటి సీమలో ఎర్రరాతి లోయ, ఇంకొకటి తూర్పు కనుమల్లో పచ్చటి అడవి. ఫొటోల్లో రెండూ రెండే. పిల్లలతో వెళ్లేవాళ్లు మాత్రం ముందు ఒక్కటి ఆలోచించుకోవాలి: పొద్దున పదింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా పిల్లలు ఏం చేస్తారు?

తెల్లవారుజాము వరకైతే గండికోటకు సాటి లేదు. ఎర్రమల కొండలను పెన్న నది నిలువునా కోసుకుంటూ పోయిన చోటది. చీకటి ఉండగానే టార్చిలైటు పట్టుకొని కోటలోంచి నడవాలి. లోయ అంచు దగ్గర పడేకొద్దీ దారి అంటూ ఉండదు, అన్నీ బండలే. చేతులు ఆనించి, కూర్చుని జారి, ఒక బండ మీంచి ఇంకో బండ మీదికి వెళ్లాలి. పదేళ్లు దాటిన పిల్లలకు ఇంతకు మించిన ఆట ఏముంటుంది! కాకపోతే అంచున చాలాచోట్ల కంచె లేదు. చిన్నపిల్లలుంటే వాళ్ల చెయ్యి ఒక్క క్షణం కూడా వదలకూడదు. వెనక్కి వస్తూ మాధవరాయస్వామి గుడి గాలిగోపురం, జామియా మసీదు, పక్కనే ఉన్న ధాన్యాగారం చూసుకుంటే పూట నిండుతుంది.

చిక్కంతా ఆ తర్వాతే. కోటలో నీడ తక్కువ. రాళ్లు కాగడం మొదలయ్యాక పిల్లలు గుడారంలోనూ ఉండలేరు, బయటా ఉండలేరు. అందుకే చాలామంది మధ్యాహ్నం బేలం గుహలకు బయల్దేరతారు. మొత్తం 3,229 మీటర్ల పొడవైన గుహలవి, అందులో సుమారు కిలోమీటరున్నర దాకా మనం నడవొచ్చు. పైన ఎండ తప్పుతుంది గానీ లోపల ఉక్కపోత. ఆయాసం ఉన్న తాతయ్యనో, మోకాళ్లు నొప్పులన్న అమ్మమ్మనో గుహల్లో అట్టడుగున ఉండే పాతాళగంగ దాకా దించొద్దు. పైగా రానూపోనూ కారులో కూర్చోవడానికే బోలెడు సమయం పోతుంది.

మారేడుమిల్లిలో ఆ ఇబ్బంది లేదు. రాజమహేంద్రవరం నుంచి ఎనభై కిలోమీటర్లకు పైగా ప్రయాణం, చివర్లో ఘాట్ మలుపులు. వాంతులయ్యే పిల్లలుంటే ఖాళీ కడుపుతో ఎక్కించొద్దు, కడుపు నిండా పెట్టీ ఎక్కించొద్దు. ఒకసారి చేరాక మాత్రం రోజంతా మనదే. జలతరంగిణి జలపాతం రోడ్డుకు దగ్గరే, పెద్దవాళ్లు కూడా మెల్లగా నడిచి రావచ్చు. అమృతధార చూడాలంటే ఇంకా ముందుకు వెళ్లి కొంత కిందికి దిగాలి. వాలమూరు దగ్గర వాగు ఒడ్డున కూర్చుంటే పిల్లలు మోకాళ్ల లోతు నీళ్లలో ఎంతసేపైనా ఆడుకుంటారు. వాలి సుగ్రీవులు పోట్లాడుకున్న చోటు ఇదేనని అక్కడివాళ్లు చెప్పే కథ కూడా వినిపించండి. పాచి పట్టిన రాళ్ల మీద కాలు జారుతుంది, అదొక్కటి చూసుకోవాలి.

భోజనం సంగతికొస్తే సీమలో రాగిసంగటి, నాటుకోడి పులుసు ఉండనే ఉన్నాయి. కానీ మారేడుమిల్లి బొంగు చికెన్ తినడం కంటే చేస్తుంటే చూడటమే పిల్లలకు ఎక్కువ సరదా. మసాలా పట్టించిన కోడిమాంసాన్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క పడదు. బొంగు పైన నల్లబడి, ఆకుల సందుల్లోంచి ఆవిరి బుసబుసా తన్నుకొస్తుంటే పిల్లలు అక్కణ్ణుంచి కదలరు.

రాత్రికి మాత్రం గండికోటదే పైచేయి. మబ్బు లేకపోతే ఆకాశం నిండా చుక్కలే. రాతినేలలో గుడారం మేకులు దిగడం కష్టం, గాలి కూడా ఎక్కువే, అందుకే తాళ్లు బండరాళ్లకు గట్టిగా కట్టుకోవాలి. మన్యంలో దోమలతో జాగ్రత్త, మలేరియా భయం ఉన్న ప్రాంతం. పొడుగు చేతుల చొక్కాలు, దోమల మందు లేకుండా బయల్దేరొద్దు.

పదేళ్లలోపు పిల్లలు, వెంట పెద్దవాళ్లు ఉంటే నేను మారేడుమిల్లికే ఓటేస్తాను. అది కూడా అక్టోబరు చివరి నుంచి జనవరి దాకా, వాగుల్లో నీళ్లుండగానే. పిల్లలు హైస్కూలు వయసు వాళ్లయి, అందరూ చకచకా నడిచేవాళ్లయితే గండికోటకే వెళ్లండి. బెంగళూరు నుంచి వచ్చేవాళ్లకు దూరం కూడా బాగా కలిసొస్తుంది. కాకపోతే ఉన్న ఒక్క రోజులోనే బేలం కూడా ఇరికించొద్దు, దాన్ని మర్నాడు తిరుగు ప్రయాణంలో పెట్టుకోండి.