స్కూటర్ వణుకుతోందా? ముందు క్లచ్ వైపు విప్పించడం మేలా, ఇంజిన్ బుష్‌ల వైపు పోవడం మేలా?

యాక్టివా కానీ జూపిటర్ కానీ యాక్సెస్ కానీ, ఏ బండైనా కొన్నేళ్లు తిరిగాక వణకడం మొదలుపెడుతుంది. షెడ్డుకి తీసుకెళ్తే ఒకాయన బెల్ట్ అంటాడు, పక్క షెడ్డాయన ఇంజిన్ బుష్‌లు పోయాయంటాడు, మూడో ఆయన యాక్సిలరేటర్ రెండుసార్లు తిప్పి చెవి పెట్టి విని "ఇంజిన్ పని ఉంది సార్" అని బాంబు పేలుస్తాడు. ముగ్గురూ అబద్ధం చెప్తున్నారని కాదు, వణుకు ఈ మూడింట్లో దేనివల్లైనా రావొచ్చు. అందుకే షెడ్డుకి వెళ్లకముందే అది సరిగ్గా ఎప్పుడొస్తోందో మీరు పట్టుకోవాలి. సగం రోగం అక్కడే తెలిసిపోతుంది.

లోపల ఏముందో రెండు ముక్కల్లో చెప్తా. ఇంజిన్ తిప్పే క్రాంక్ షాఫ్ట్ చివర వేరియేటర్ ఉంటుంది, అంటే స్పీడుని బట్టి గేరు దానంతటదే మార్చే పుల్లీ, దాంట్లో మామూలుగా ఆరు రోలర్లు. అక్కణ్నుంచి బెల్ట్ వెనక్కి వెళ్తుంది, వెనకాల ఇంకో పుల్లీ, దానికి క్లచ్, దాని మీద గిన్నెలా బోర్లించిన బెల్, ఆ తర్వాత చిన్న గేర్‌బాక్సు, చక్రం. క్లచ్ దాకా ఉన్నదంతా ఎడమ పక్క కవర్ కిందే ఉంటుంది. 1984లో కైనెటిక్ హోండా వచ్చినప్పటి నుంచీ మన గేర్లు లేని స్కూటర్లలో దాదాపు ఇదే ఏర్పాటు. ఇక వెనక చక్రంతో కలిపి ఇంజిన్ మొత్తం ఛాసిస్‌కి ముందువైపు హ్యాంగర్ దగ్గర రబ్బరు బుష్‌ల మీద ఊగుతుంటుంది. ఆ రబ్బరు పనే ఇంజిన్ వణుకు మన దాకా రాకుండా మింగెయ్యడం.

ఇప్పుడు అసలు సంగతి. సిగ్నల్ దగ్గర ఆగి బయల్దేరేటప్పుడు బండి గడగడా వణికి, స్పీడు 20, 25 దాటగానే ఏమీ ఎరగనట్టు మామూలైపోతోందా? వెనకాల మనిషి కూర్చున్నప్పుడో, ఫ్లైఓవర్ ఎక్కుతూ ట్రాఫిక్‌లో పాక్కుంటూ పోతున్నప్పుడో ఇంకా ఎక్కువవుతోందా? అయితే కళ్లు మూసుకుని క్లచ్‌నే అనుమానించండి. ఎందుకంటే రేసు ఇచ్చినప్పుడు క్లచ్ షూలు బయటికి విచ్చుకుని బెల్ లోపలి గోడని పట్టుకుంటాయి, ఆ పట్టు పడే కాసేపట్లోనే రాపిడి ఉంటుంది. షూలు నున్నబడ్డా, మధ్యలో దుమ్ము చేరినా పట్టుకోవడం, జారడం, మళ్లీ పట్టుకోవడం, ఇలా సెకనుకి బోలెడుసార్లు జరుగుతుంది. పూర్తిగా పట్టు దొరికాక షూలూ బెల్లూ కలిసే తిరుగుతాయి కాబట్టి వణుకు మాయం. అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి దాకా సాయంత్రం పూట రోజూ పాకే బండికి ఈ జబ్బు త్వరగా వస్తుంది, ఖాళీ హైవే మీద తిరిగే బండికి అంత త్వరగా రాదు.

నిలబడి ఉన్నప్పుడే అద్దాలు, హ్యాండిల్, సీటు అన్నీ అదురుతూ, కొంచెం రేసు ఇస్తే తగ్గుతుంటే కథ వేరు. అక్కడ చూడాల్సింది ఐడిలింగ్ (రేసు ఇవ్వకుండా ఇంజిన్ తిరిగే వేగం), ప్లగ్, ఆ తర్వాత హ్యాంగర్ బుష్‌లు. యాక్టివాలాంటి బండికి ఐడిలింగ్ 1,700 ఆర్‌పీఎం చుట్టుపక్కల ఉండాలి, బాగా పడిపోతే బుష్‌లు కొత్తవైనా అదురుతుంది. కార్బురేటర్ బండికైతే స్క్రూ తిప్పి పెంచొచ్చు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 ఇంజెక్షన్ బళ్లలో చాలావాటికి ఆ పప్పులుడకవు, ఇంజిన్‌లోకి గాలి వెళ్లే థ్రాటిల్ బాడీ శుభ్రం చేయించాలి. సైలెన్సర్ బోల్టు వదులైనా అచ్చం ఇలాగే ఉంటుంది, ముందు అది బిగించి చూడండి, పైసా ఖర్చు లేదు.

40 నుంచి 60 మధ్య ఒకే స్పీడులో వెళ్తుంటే కాళ్ల కింద జుమ్మంటోందంటే బెల్ట్ పగుళ్లిచ్చిందో, రోలర్లు ఒకవైపు అరిగి చదునయ్యాయో చూడాలి. ఐడిలింగ్‌లో కటకటమనే చప్పుడు కూడా కలిసిందంటే వేరియేటర్ లోపలి చిన్న ప్లాస్టిక్ స్లైడర్ ముక్కలు అరిగుంటాయి. అదే వణుకు బండి స్పీడుతోనే పెరుగుతూ, యాక్సిలరేటర్ వదిలేసినా పోకపోతే టైరు, రిమ్ము, బేరింగు.

మరి ముందు ఎటు వెళ్లడం మేలు? నా ఓటు ఎడమ పక్క కవర్‌కే. నిలబడ్డప్పుడు మాత్రమే వచ్చే అదురు తప్ప మిగతా సగానికి పైగా కేసులు ఆ కవర్ కిందే తేలతాయి, పైగా అది విప్పడం చిన్న పని, విప్పితే బెల్టూ రోలర్లూ క్లచ్చూ అన్నీ ఒకేసారి కళ్ల ముందుంటాయి. బుష్‌ల సంగతి అలా కాదు. బుష్ ఖరీదు తక్కువే, కానీ వాటిని మార్చాలంటే ఇంజిన్ కిందికి దించాలి, పాతవి ప్రెస్‌తో కొట్టించి కొత్తవి ఎక్కించాలి, కూలే ఎక్కువ. అంత పనీ చేయించాక "ఇంకా కొంచెం వణుకుతోంది" అంటే ఎవరికి చెప్పుకుంటాం.

బుష్‌లు నిజంగా పోయాయో లేదో విప్పకుండానే చూడొచ్చు. ఇంజిన్ ఆపి సెంటర్ స్టాండ్ వేసి, వెనక చక్రాన్ని పైనా కిందా పట్టుకుని పక్కలకి గట్టిగా ఊపండి. ఇంజిన్ కదలకుండా చక్రం ఒక్కటే టకటకమని ఆడితే బేరింగు లేదా యాక్సిల్. చక్రమూ ఇంజినూ కలిసి హ్యాంగర్ దగ్గర అటూ ఇటూ ఒరుగుతుంటే బుష్‌లు పోయినట్టే, అప్పుడు మెకానిక్ మాట వినండి. సెంటర్ స్టాండ్ మీదే ఫుల్ రేసు ఇచ్చి "చూడండి ఎలా వణుకుతోందో" అని చూపించేవాళ్లని మాత్రం నమ్మొద్దు, బరువు లేకుండా తిరిగే చక్రంతో కొత్త బండి కూడా ఊగుతుంది, అదీగాక ప్రమాదం.

సరే, క్లచ్ అని తేలింది. షూలు రుద్దించుకోవాలా, మార్చుకోవాలా? బెల్ తీయగానే షూల మీద లైనింగ్ నల్లగా నిగనిగలాడుతుంటే, మందం ఇంకా బాగానే ఉంటే, 80 నంబర్ ఎమెరీ పేపర్‌తో ఆ నిగనిగ పోయేదాకా రుద్ది, బెల్ లోపలా రుద్ది, బ్రేక్ క్లీనర్ కొట్టి తుడిస్తే చాలు. ఆ నల్ల పొడిని నోటితో ఊదనివ్వకండి, ముక్కుకి గుడ్డ కట్టుకోమనండి, ఊపిరితిత్తులకి మంచిది కాదు. రుద్దిన బండి కొన్ని నెలలు వెన్నలా వెళ్తుంది, ట్రాఫిక్‌లోనే తిరిగితే మళ్లీ మొదలవుతుంది. రెండోసారి కూడా రుద్దించడం నా దృష్టిలో డబ్బు దండగ, మార్చెయ్యడమే మేలు.

మార్చేటప్పుడు షూలు మాత్రం కొత్తవి వేసి పాత బెల్ ఉంచేద్దామనిపిస్తుంది. బెల్ లోపల నీలం మచ్చలు కనబడితే అలా చెయ్యొద్దు. వేడికి ఆ చోట లోహం మాడి గట్టిపడింది, గుండ్రం కూడా చెడి ఉండొచ్చు, దాని మీద కొత్త షూలు వేసినా వారం తిరక్కుండా అదే గడగడ. షూల మీద గ్రీజు తడి కనబడితే అది వెనక పుల్లీ సీల్ లోంచి కారింది. సీల్ మార్చకుండా ఏ షూ వేసినా నిలవదు. మొత్తం క్లచ్ అసెంబ్లీ మార్చాలని మెకానిక్ అంటే మాత్రం వెనక పుల్లీ పిన్నుల దగ్గర ఆట (వదులు) చూపించమని అడగండి, చూపించలేకపోతే షూలూ బెల్లూ చాలు.

రోలర్ల విషయంలో బేరమాడాల్సిన పని లేదు, ఆరూ ఒకేసారి, కంపెనీ చెప్పిన బరువులోనే. పికప్ కోసం తేలిక రోలర్లు వేయించుకునే కుర్రాళ్లున్నారు, పికప్ వస్తుంది నిజమే, కానీ ఇంజిన్ ఎప్పుడూ ఎక్కువ ఆర్‌పీఎంలో అరుస్తుంటుంది, మైలేజీ పోతుంది, తగ్గించాలనుకున్న వణుకే పెరుగుతుంది.

కంపెనీ సర్వీసా, వీధి చివర మెకానికా అంటే నాకు పెద్ద పట్టింపు లేదు, బెల్ట్ ఎక్కించడం చూస్తే మనిషి పనితనం తెలిసిపోతుంది. తెలిసినవాడు వెనక పుల్లీని విచ్చదీసి బెల్ట్‌ని అందులోకి లోతుగా దిగనొక్కుతాడు, అప్పుడు ముందువైపు బెల్ట్ వదులవుతుంది, ఆ తర్వాతే వేరియేటర్ బయటి పళ్లెం, అదే ముందు ఫేస్, పెట్టి నట్ బిగిస్తాడు. తొందరలో అలా చెయ్యకపోతే రెండు ఫేసుల మధ్య బెల్ట్ ఇరుక్కుంటుంది. నట్ బిగిసినట్టే ఉంటుంది కానీ అది బిగిసింది బెల్ట్ మీద. బండి కాస్త తిరగగానే నట్ వదులై ఫేసు ఆడుతూ క్రాంక్ చివరి పళ్లని అరగదీస్తుంది, అప్పుడు ఆ మూడో ఆయన చెప్పిన ఇంజిన్ పని నిజంగానే తగులుకుంటుంది. కాబట్టి అక్కడే స్టూలు వేసుకుని కూర్చుని "భయ్యా, బెల్ట్ వెనక్కి నొక్కావా?" అని ఒక్క మాట అడగండి, ఏమీ అనుకోడు.